చప్పుడొస్తే ముందు ఆయిల్ చూడండి

చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ అని తేడా లేకుండా మన ఇళ్ళల్లో అందరూ వాడే ఇంగ్లీషు మాట ఒకటుంది. అడ్జస్ట్. బస్సులో సీటు దగ్గర "కొంచెం అడ్జస్ట్ అవ్వండమ్మా" అంటారు. అత్తారింటికి పంపేటప్పుడు "కాస్త అడ్జస్ట్ అవ్వాలి తల్లీ" అంటారు. పెళ్ళయి పాతికేళ్ళయినా అదే మాట, చెప్పేవాళ్ళు మారతారంతే. ఈ మాటకి అసలు అర్థం ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది మాత్రం చుట్టాలిళ్ళల్లో కాదు, కారు మెకానిక్ షెడ్డులో. అందుకని ఈసారి కాస్త ఇంజిన్ కబుర్లు చెప్తాను. భయపడకండి. కుక్కర్ చప్పుడు విని లోపల నీళ్ళున్నాయో లేదో చెప్పగలిగినవాళ్ళం, మనకి ఇదొక లెక్కా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తనంతట తాను సర్దుకుపోయే భాగం ఒకటి చప్పుడు చేస్తోందంటే, దాన్ని ఇంకా బిగించకూడదు. దానికి అందవలసింది అందుతోందా లేదా అని చూడాలి. కారులో అయినా అంతే, కాపురంలో అయినా అంతే.

మాది డీజిల్ కారు. పదేళ్ళు దాటింది. పిల్లల స్కూలు, రైతు బజారు, మంగళవారం అత్తయ్యగారిని గుడికి తీసుకెళ్ళడం, అన్నిటికీ ఎక్కువగా నడిపేది నేనే. కొన్ని నెలల కిందట పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే బానెట్ కింద నుంచి టిక్ టిక్ టిక్ అని చప్పుడు మొదలైంది. పక్క గదిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు సన్నగా, ఒకే వరసలో. యాక్సిలరేటర్ నొక్కితే ఆ టిక్కు కూడా జోరందుకునేది. మొదట్లో నిమిషంలో ఆగిపోయేది. తర్వాత వీధి చివరి దాకా వచ్చేది. ఆ తర్వాత స్కూలు గేటు దాకా మాతోనే వచ్చేది.

ఇంట్లో చెప్పాను. "డీజిల్ బండి అన్నాక చప్పుడు చెయ్యదా ఏమిటి" అన్నారు మా వారు. "చిక్కటి ఆయిల్ పోయించు వదినా, సౌండ్ మింగేస్తుంది" అన్నాడు మా మరిది. మా అబ్బాయి పాటల సౌండు పెంచాడు. ఊళ్ళో కాస్త పెద్ద షెడ్డుకి తీసుకెళ్తే, బానెట్ ఎత్తి అర నిమిషం విన్న కుర్రాడు, "టాపెట్లు పోయాయి మేడమ్, సెట్టింగ్ చెయ్యాలి. హెడ్ దించాలి. 28,000 దాకా అవుతుంది. సార్‌ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి" అన్నాడు.

ఒక్క చప్పుడుకి నాలుగు వైద్యాలు! చప్పుడు సహజమే అనుకో, చిక్కటిది పోసి కప్పెయ్యి, వినపడకుండా పాట పెట్టు, విప్పి బిగించు. అది ఎందుకు వస్తోంది అని మాత్రం నలుగురిలో ఒక్కరూ అడగలేదు.

మా నాన్నగారి రోజుల నుంచీ తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నారు. మేమంతా బాబాయ్ అంటాం. ఇప్పుడు పెద్దగా పనులు ఒప్పుకోరు, చెట్టుకింద చిన్న షెడ్డు. ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, "సెట్టింగ్ చెయ్యాలంటున్నారు బాబాయ్" అన్నాను. ఆయన నవ్వి, "ఈ ఇంజిన్లో సెట్టింగ్ చెయ్యడానికి స్క్రూ ఎక్కడుందమ్మా? ఇది హైడ్రాలిక్‌ది. దానంతట అదే సర్దుకుంటది" అన్నారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. స్టూలు లాక్కుని కూచుని, అసలు కథేమిటో చెప్పమన్నాను.

ఆయన చెప్పిందీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు చెప్తాను.

ఇంజిన్ పైభాగంలో వాల్వులుంటాయి. గాలి లోపలికి రావడానికి కొన్ని, పొగ బయటికి పోవడానికి కొన్ని. గుండ్రటి మూతకి పొడవాటి కాడ ఉన్నట్టుంటాయి. వాటిని కామ్‌షాఫ్ట్ అనే కడ్డీ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఇంజిన్ రెండుసార్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒక్కసారి తిరుగుతుంది. బండి ఊరికే స్టార్టింగ్‌లో ఉన్నప్పుడు ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి, ఒక్కో వాల్వు నిమిషానికి 400 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. 16 వాల్వులున్న ఇంజిన్లో నిమిషానికి 6,400 సార్లు తలుపులు తీసి వెయ్యడమన్నమాట. మనం ఎర్ర లైటు దగ్గర ఖాళీగా నిలబడి ఉన్నప్పటి లెక్క ఇది.

వేడెక్కితే ఇనుము పెరుగుతుంది కదా. వాల్వు కాడ కూడా పొడుగవుతుంది. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి గడపకి పట్టేస్తుంది చూడండి, అలా ఇక్కడా పట్టేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. లోపల మండే వాయువు ఆ సందులోంచి తన్నుకొస్తుంది, వాల్వు అంచు కాలిపోతుంది. అందుకని పాతకాలం ఇంజిన్లలో ముందే చిన్న సందు వదిలేవారు. మన అంబాసిడర్‌లో, పద్మినిలో, తొలినాటి మారుతి 800లో పద్ధతి ఇదే. పల్చటి రేకుల్లాంటి ఫీలర్ గేజ్ ఆ సందులో పెట్టి, స్క్రూ తిప్పి, నట్టు బిగించేవారు. దాన్నే టాపెట్ సెట్టింగ్ అంటారు. ఆ సందు వల్ల కాస్త టకటక వినపడేది. "టాపెట్ కొంచెం వినపడాలమ్మా. అసలు వినపడకపోతే అనుమానించాలి" అన్నారు బాబాయ్.

డబ్బున్నవాళ్ళకి ఆ టకటక నచ్చలేదు. 1930లో అమెరికాలో వచ్చిన కాడిలాక్ వి-16 అనే ఖరీదైన కారులో ఆయిల్ ఒత్తిడితో ఆ సందు తనంతట తానే పూడిపోయే ఏర్పాటు చేశారు. తర్వాత తర్వాత ఆ పద్ధతి మామూలు కార్లకీ వచ్చింది. మన దేశంలో మారుతి స్విఫ్ట్, డిజైర్ డీజిల్ కార్లలో, ఫియట్ పుంటో డీజిల్‌లో, టాటా ఇండికా విస్టా క్వాడ్రాజెట్‌లో వచ్చిన 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజిన్ ఈ రకమే. 2020 ఏప్రిల్ నాటికి మారుతి డీజిల్ కార్లు ఆపేసింది కానీ, మన వీధుల్లో ఇప్పటికీ ఎన్ని తిరుగుతున్నాయో మీరే చూస్తున్నారు.

ఈ హైడ్రాలిక్ టాపెట్ ఎంత తెలివైనదో చెప్తాను. పిల్లలకి మందు పోసే సిరంజి గుర్తుచేసుకోండి. నిండా నీళ్ళు పట్టి, కొనకి వేలు అడ్డం పెట్టి నొక్కితే ఎంత నొక్కినా కదలదు, రాయిలా ఉంటుంది. అదే లోపల గాలిబుడగ ఉంటే మెత్తగా లోపలికి పోతుంది. హైడ్రాలిక్ టాపెట్ కూడా వేలెడంత సిరంజే. లోపల చిన్న స్ప్రింగు, చిన్న గోళీ ఉంటాయి. వాల్వు మూసుకుని ఉన్న క్షణంలో ఇంజిన్ ఆయిల్ లోపలికి వచ్చి, ఎక్కడ ఎంత సందుంటే అంత నింపుతుంది. కామ్ వచ్చి నొక్కగానే గోళీ దారి మూసేస్తుంది. లోపలి ఆయిల్ గట్టి కడ్డీలా నిలబడి బరువు మోస్తుంది. బండి చల్లగా ఉన్నా, వేడెక్కినా, భాగాలు అరిగినా, ఎప్పటికప్పుడు కొలత మార్చుకుంటూ చప్పుడు లేకుండా పని చేసుకుపోతుంది. ఎవరూ బిగించక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి అంత మంచిది చప్పుడెందుకు చేస్తుంది?

దాని దగ్గర సొంతంగా ఏమీ లేదు కనుక. అది సర్దుకునేదంతా తనకి అందే ఆయిల్‌తోనే. ఆయిల్ తక్కువైతే పంపు గాలిని కూడా పీల్చి పంపిస్తుంది, సిరంజిలో బుడగ పడుతుంది. మరీ ఎక్కువ పోసినా క్రాంక్ షాఫ్ట్ దాన్ని కవ్వంలా చిలికి నురగ చేస్తుంది, మళ్ళీ బుడగే. ఆయిల్ పాతబడి మడ్డి కడితే సన్నటి దారులు మూసుకుపోతాయి, లోపలి ముక్క బిగుసుకుపోతుంది. కంపెనీ చెప్పినదానికంటే చిక్కటిది పోస్తే పొద్దున్నే పైదాకా చేరడం ఆలస్యమవుతుంది. నాసిరకం ఫిల్టర్ వేస్తే రాత్రంతా ఆయిల్ కిందికి జారిపోతుంది. పంపు అరిగిపోతే ఒత్తిడే ఉండదు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా చప్పుడు ఆగకపోతే అప్పుడు టాపెట్‌నో కామ్‌షాఫ్ట్‌నో అనుమానించాలి. చూడవలసిన వరస అది. హెడ్ దించడం ఆ వరసలో చిట్టచివరిది.

బాబాయ్ చేసింది అంతే. ఆయిల్ కొలిచే కడ్డీ తీశారు. కింది గీతకి కూడా తడి అందలేదు. ఫిల్టర్ విప్పారు. నల్లటి మడ్డి. అంతకుముందు సర్వీసు చేసిన షెడ్డువాళ్ళు కొత్త ఫిల్టర్‌కి బిల్లు వేశారు, వేసింది మాత్రం బిల్లే. పేరు రాయను, రాసి ప్రయోజనం లేదు. మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్ తెప్పించి, కొత్త ఫిల్టర్ వేసి, ప్రెషర్ గేజ్ పెట్టి ఒత్తిడి చూశారు. "పంపు బాగుంది. వారం రోజులు తిప్పమ్మా, గాలి పోవాలి" అన్నారు. రెండో రోజుకి సగం తగ్గింది. వారానికి ఆగిపోయింది. అయిన ఖర్చు 4,200.

ఇప్పుడు మీరు చెయ్యగలిగిన పనులు చెప్తాను. మెకానిక్ కానక్కర్లేదు.

నెలకి ఒకసారి, వారం గుర్తు పెట్టుకుని, బండి చదునైన చోట ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగాక, లేదా పొద్దున్నే స్టార్ట్ చెయ్యకముందు, ఆ కడ్డీ బయటికి లాగండి. పాత గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా లోపలికి దింపి తీయండి. రెండు గుర్తుల మధ్య తడి ఉండాలి. కిందికి దిగితే కొంచెం కొంచెంగా పోయించాలి, పైగుర్తు దాటకూడదు. డీజిల్ బండిలో ఆయిల్ తొందరగా నల్లబడుతుంది, రంగు చూసి కంగారు పడకండి. చాలా కార్లకి ఆయిల్ మార్చే గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీ బండిది ఎంతో డ్యాష్‌బోర్డు అరలో పడి ఉండే పుస్తకంలో ఉంటుంది. "మేము ఎక్కువ తిప్పం, స్కూలు దాకానే" అనేవాళ్ళు ఈ 'ఏడాది' అన్న మాట మరీ గుర్తుంచుకోవాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలోనే తేమ, మడ్డి ఎక్కువ చేరతాయి.

పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే నాలుగైదు సెకన్లు టిక్కుమంటే ఫరవాలేదు, రాత్రి దిగిపోయిన ఆయిల్ పైకి చేరే లోపల వచ్చే చప్పుడది. వేడెక్కాక కూడా ఆగకపోతే చూపించాలి. సన్నటి టిక్ టిక్ వేరు, కిందనుంచి రోకలితో దంచినట్టు వచ్చే బరువైన ధన్ ధన్ వేరు. రెండోది వస్తే బండి నడపకండి. మీటర్ల దగ్గర నూనె జారీ బొమ్మతో ఎర్ర లైటు వెలిగితే ఇంకో వంద గజాలు కూడా వద్దు, పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యండి. స్కూలుకి ఆలస్యమైనా సరే.

షెడ్డుకి వెళ్తే నాలుగు ప్రశ్నలు అడగండి. మా ఇంజిన్లో స్క్రూ టాపెట్లా, హైడ్రాలిక్ టాపెట్లా? ఆయిల్ లెవెల్ చూశారా, గేజ్ పెట్టి ఒత్తిడి చూశారా? ఏ గ్రేడు పోస్తున్నారు, డబ్బా చూపిస్తారా? తీసిన పాత భాగం నాకిస్తారా? మా పక్కింటావిడ ఈ నాలుగూ అడిగితే వాళ్ళ షెడ్డులో కుర్రాడు "సార్ ఎవరైనా వస్తారా" అనడం మానేశాడు. ఇల్లు గడిచే డబ్బులోంచి కొన్న బండి, మన పిల్లలు ఎక్కే బండి. దాని గురించి మాట్లాడడానికి సార్ రావాలన్న రూలు ఎక్కడా లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ కథంతా విన్న రోజు రాత్రి నాకు మా అక్క గుర్తుకొచ్చింది.

అక్క వాళ్ళత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. మంచం మీదే అన్నీ. అక్క ఒక్కత్తే చూస్తుంది. రాత్రి రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి లేచి పక్క మార్చాలి, లేకపోతే పుళ్ళు పడతాయి. మొదటి మూడేళ్ళూ ఆ ఇంట్లో చప్పుడు లేదు. వచ్చినవాళ్ళంతా "మా వదిన బంగారం" అని వెళ్ళేవారు. బావగారి పనివేళలకి సర్దుకుంది, పిల్లల పరీక్షలకి సర్దుకుంది, ఆడపడుచు పిల్లలు సెలవులకొస్తే వాళ్ళకీ సర్దుకుంది. ఎవరూ కొలిచి బిగించలేదు, ఎక్కడ సందు కనపడితే అక్కడ తనే పూడ్చింది.

పోయినేడు నుంచి చప్పుడు మొదలైంది. గిన్నెలు గట్టిగా పెట్టడం. చిన్న మాటకి విసుక్కోవడం. ఫోన్ ఎత్తకపోవడం. అప్పుడు అందరూ వైద్యులైపోయారు. "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేలే" అని ఒకరు. "యోగా చెయ్యి అక్కా" అని ఒకరు. "పెద్దావిడ ఇంకెన్నాళ్ళుంటుంది, అడ్జస్ట్ అవ్వమ్మా" అని మా అమ్మ. బావగారేమో గది తలుపేసుకుని టీవీ సౌండు పెంచేవారు. నువ్వు వరసగా నాలుగు గంటలు పడుకుని ఎన్నాళ్ళయింది అని అడిగిన మనిషి లేదు.

అమెరికాలో పాత షెవర్లే వి-8 లాంటి ఇంజిన్లలో హైడ్రాలిక్ టాపెట్ కూడా ఉంటుంది, పైన రాకర్‌కి బిగించే నట్టూ ఉంటుంది. కడ్డీలో ఊగులాట పోయే దాకా నట్టు తిప్పి, ఆపైన ఇంజిన్‌ని బట్టి అర చుట్టు నుంచి ఒక చుట్టు దాకా బిగిస్తారు. అంతకి మించి బిగిస్తే చప్పుడు నిజంగానే ఆగిపోతుంది. కానీ లోపలి ముక్క అడుక్కి తగిలేసి, దానికి ఇక సర్దుకునే జాగా ఉండదు. వాల్వు పూర్తిగా మూసుకోదు. బయటికి అంతా ప్రశాంతంగా ఉంటుంది, లోపల వాల్వు అంచు కాలుతూ ఉంటుంది. బండి బలం తగ్గిపోయాక గానీ ఎవరికీ తెలియదు.

మన చుట్టాల్లో అలా నిశ్శబ్దమైపోయిన ఆడవాళ్ళు ఎవరో మీ అందరికీ తెలుసు. పేర్లు చెప్పక్కర్లేదు. "ఇప్పుడు మారిందండీ, ఏమీ అనట్లేదు" అని ఇంట్లోవాళ్ళు సంతోషంగా చెప్తారు. నాకు మాత్రం ఆ మాట వింటే భయమేస్తుంది.

అక్క విషయంలో నేను బావగారితోనే మాట్లాడాను. సలహాలేమీ ఇవ్వలేదు. అత్తగారి పిల్లలు ముగ్గురు కదా, రాత్రిపూట మనిషిని పెట్టడానికి నెలకి ఎంతవుతుందో కనుక్కుని ముగ్గురూ పంచుకోగలరా అని అడిగాను. గొడవ కాలేదని చెప్పను. "మీకెందుకమ్మా మా ఇంటి సంగతి" అని ఆడపడుచు ఫోన్ చేసింది. "మీ అమ్మగారి సంగతే వదినగారూ" అన్నాను. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా ఒకావిడ వస్తోంది. ఆదివారాలు బావగారు చూస్తున్నారు. ఆడపడుచు ఇప్పటికీ నాతో మాట్లాడదు, కానీ డబ్బు పంపుతోంది. అక్క గిన్నెల చప్పుడు పూర్తిగా ఆగలేదు. తగ్గింది. నిద్రలేని మూడేళ్ళు వారంలో తీరేవి కావు.

మనిషికీ యంత్రానికీ పోలికేమిటని మీరు అడగవచ్చు. నిజమే, అన్ని చప్పుళ్ళూ ఆయిల్‌తో పోవు. కామ్‌షాఫ్ట్ అరిగిపోతే ఎంత మంచి ఆయిల్ పోసినా లాభం లేదు, మార్చవలసింది మార్చాలి. ఇంట్లోనూ కొన్ని అలాంటివి ఉంటాయి. ఎర్ర లైటు వెలిగే ఇళ్ళూ ఉంటాయి. చెయ్యి చేసుకునే మొగుడున్నచోట విశ్రాంతి గురించీ పని పంపకం గురించీ మాట్లాడడం కాదు చెయ్యవలసింది, బండి ఆపెయ్యాలి. అలాంటివాళ్ళెవరైనా మీకు తెలిస్తే 181 అనే మహిళల హెల్ప్‌లైన్ నంబరు చెప్పండి, దయచేసి అడ్జస్ట్ అవ్వమని మాత్రం చెప్పకండి.

సర్దుకుపోవడం చెడ్డగుణమని కూడా నేను అనను. ఆ గుణం లేకపోతే ఏ ఇల్లూ నిమిషం నడవదు. నిమిషానికి నాలుగు వందలసార్లు చప్పుడు లేకుండా సందు పూడ్చే ఆ చిన్న ముక్కంటే నాకు గౌరవం పెరిగింది. నేను అనేదల్లా, దాని నుంచి అంత పని తీసుకునేవాళ్ళు దానికి కావలసింది అందించడం కూడా నేర్చుకోవాలని. నిద్ర, చేతిలో కాస్త డబ్బు, తనకంటూ ఒక గంట, పుట్టింటికి వెళ్ళొస్తానంటే ముఖం చిట్లించని మనుషులు. ఒక్కో ఇంట్లో ఒక్కోటి తక్కువవుతుంది. అడిగితే తెలుస్తుంది. టాపెట్‌కి నోరు లేదు కనుక టిక్కుమంటుంది. మనుషులకి నోరుంది, అడిగేవాళ్ళే తక్కువ.

ఈ ఆదివారం పొద్దున్నే, బండి ఎవరూ తియ్యకముందు, ఆ కడ్డీ లాగి చూడండి. ఇంట్లో ఎవరినో చూడమనకండి, పాత గుడ్డ పట్టుకుని మీరే వెళ్ళండి. మీ అమ్మాయి ఉంటే పక్కన నిలబెట్టుకుని చూపించండి. లోపలికొచ్చాక మీ అమ్మకో, అక్కకో, కోడలికో, ఇంట్లో ఎక్కువ సర్దుకుపోయేది ఎవరైతే వాళ్ళకి, కాఫీ మీరు కలిపి ఇచ్చి, రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి. ఆ సర్దుకుపోయే మనిషి మీరే అయితే, అడిగేదాకా ఆగకండి. ఏం తక్కువైందో ఈ వారంలోనే నోరు తెరిచి చెప్పండి.